తీగ నెట్టా, గాలి నెట్టా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంటికి ఏ నెట్ కనెక్షన్ పెట్టించుకోవాలని అడుగుతూ విశాఖ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహం వేర్వేరు మాటల్లో ఉన్నవాటిని కలిపి ఈసారి జవాబులిస్తున్నాం. ధరలు, ఆఫర్లు నెలనెలా మారేవి కాబట్టి వాటి జోలికి పోలేదు. తీగ ఎక్కడిదాకా వచ్చింది, మధ్యలో ఏముంది, కరెంటు పోతే ఏది ఆగిపోతుంది అన్నవి మాత్రం ఆఫర్లతో మారవు.

ప్రశ్న: మాది మూడో అంతస్తు ఫ్లాటు. ముగ్గురు వచ్చి వెళ్లారు. ఒకరు ఫైబర్ అన్నారు. మా కేబుల్ టీవీ అబ్బాయి "మాదీ ఫైబరేనండి, సగం ధరకే ఇస్తాను" అన్నాడు. మూడోవాళ్లు తీగే అక్కర్లేదు, డాబా మీద 5జీ పెట్టె పెడతామంటున్నారు. ముగ్గురూ చెప్పేది 100 ఎంబీపీఎస్సే. అలాంటప్పుడు తక్కువ ధరది తీసుకుంటే పోలేదా?
— ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: అంకె ఒకటే గానీ అది మీ ఇంటికి వచ్చే దారులు మూడండి. ముందు కేబుల్ అబ్బాయిని ఒక్క మాట అడగండి: "మా ఫ్లాట్లోకి వచ్చే తీగ ఏది?" సన్నగా, చదునుగా ఉండే నల్ల తీగ వచ్చి, దాని చివర ఆకుపచ్చ ప్లాస్టిక్ కనెక్టర్ ఉంటే అది నిజంగా ఇంటిదాకా వచ్చిన ఫైబర్. అలాకాక పెన్సిల్ కన్నా కాస్త సన్నంగా ఉండే గుండ్రటి తీగ వచ్చి, చివర ఫోన్ క్లిప్పు లాంటిదే కాస్త వెడల్పాటిది టక్కున పట్టుకుంటే, ఫైబర్ మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లోనే ఆగిపోయిందని అర్థం. అక్కడ ఒక ఇనప పెట్టెలో, నెట్‌ని ఫ్లాట్లకి పంచే స్విచ్ అనే పరికరం పెట్టి, అక్కడి నుంచి ఒక్కో ఫ్లాటుకీ రాగి ల్యాన్ తీగ లాగుతారు.

ఇది మోసమేమీ కాదు. ల్యాన్ తీగ 100 మీటర్ల లోపు ఉంటే వేగం తగ్గదు. చిక్కులు వేరే ఉన్నాయి. ఆ ఇనప పెట్టెకి కరెంటు కామన్ మీటరు నుంచి వస్తుంది. కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉండి రూటర్ వెలుగుతున్నా, కింద స్విచ్ ఆరిపోతే నెట్ ఉండదు. పైగా ఇరవై ఫ్లాట్లూ ఆ పెట్టెలోకి వచ్చే ఒక్క లైనునే పంచుకుంటాయి. ఇక డాబా మీంచో, గోడ బయటి నుంచో లాగిన రాగి తీగ పిడుగు పడ్డ రోజున షాక్‌ని రూటర్ దాకా మోసుకొస్తుంది. వర్షాకాలంలో రూటర్ ల్యాన్ పోర్టులు కాలిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. ఫైబర్ గాజు, దాంట్లో కరెంటు పారదు.

అసలైన ఫైబర్‌లోనూ పంపకం ఉంటుంది. వీధిలోకి వచ్చిన ఒక్క ఫైబర్‌ని స్ప్లిట్టర్ అనే చిన్న పెట్టెలో 32 లేదా 64 ఇళ్లకు చీలుస్తారు. ఎక్కువ చోట్ల వాడే జీపాన్ పద్ధతిలో ఆ ఇళ్లన్నింటికీ కలిపి దిగుమతికి (డౌన్‌లోడ్) సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, ఎగుమతికి (అప్‌లోడ్) 1.25 గిగాబిట్లు ఉంటాయి. 32తో భాగిస్తే ఇంటికి 78 ఎంబీపీఎస్సే కదా అని కంగారు పడకండి. అందరూ ఒకే సెకనులో పూర్తి వేగం లాగడం దాదాపు జరగదు. ఫైబర్ ఉన్నా రాత్రి తొమ్మిదింటికి నెట్ నత్తలా నడుస్తోందంటే తప్పు ఎక్కువసార్లు మీ వీధి తీగది కాదు, ఆ కంపెనీ పై నుంచి కొనే బ్యాండ్‌విడ్త్ చాలడం లేదన్నమాట.

5జీ పెట్టె సంగతికొస్తే, అది మీ ప్రాంతంలో టవర్ వాడే ఫోన్లన్నింటితోనూ గాలిని పంచుకోవాలి. మీ కాలనీ బీచ్‌కి దగ్గర. ఆదివారం సాయంత్రం తీరానికి వచ్చిన జనం అందరి చేతుల్లోనూ ఫోనే. పొద్దున్న 100 చూపించిన వేగం ఆ వేళకి పడిపోవచ్చు. దానికి తోడు గాలి నెట్‌లో ఎక్కువ సమయం దిగుమతికే కేటాయిస్తారు కాబట్టి మీ వైపు నుంచి పైకి పంపే వేగం బాగా తక్కువ. సినిమా చూసేవాళ్లకి ఇది తెలియదు. వీడియో కాల్‌లో పిల్లలకి పాఠం చెప్పేవాళ్లకి మాత్రం మొదటి రోజే తెలిసిపోతుంది.

మా మాట: ఫ్లాట్లోకి వచ్చే ఫైబర్ తీసుకోండి. అది కుదరకపోతే కేబుల్ అబ్బాయిదే తీసుకోండి, కానీ కింది పెట్టెకి యూపీఎస్ పెట్టిస్తేనే. ఏడాదిలో ఖాళీ చేసే అద్దె ఇల్లయినా, గోడకి రంధ్రం వద్దని ఓనరు అన్నా 5జీ పెట్టె మంచిదే. ఇంకో సంగతి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పిన్‌కోడ్ కొడితే, అక్కడ తీగ మీద నెట్ ఇచ్చే లైసెన్సు ఉన్న సంస్థలు కనిపిస్తాయి. గుమ్మం దాకా వచ్చి అడిగిన ముగ్గురే ఉన్నారని అనుకోకండి.

ప్రశ్న: 300 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నాను. ల్యాప్‌టాప్‌కి ల్యాన్ వైరు పెట్టి ఎన్నిసార్లు చూసినా 94 దాటదు. కంపెనీ వాళ్లు మా వైపు అంతా సరిగానే ఉందంటున్నారు. ఎవరిది తప్పు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ

జవాబు: 94 అనే అంకే జవాబు చెబుతోంది. మీ లైనులో ఎక్కడో ఒక చోట 100 ఎంబీపీఎస్ గేటు ఉంది. 100 మెగాబిట్ ల్యాన్ పోర్టులో, డేటాను ముక్కలుగా పంపే ప్యాకెట్ల పైతొడుగులు పోగా మిగిలేది 94 దగ్గరే. నెట్ నిజంగా మందగిస్తే ఒకసారి 60, ఒకసారి 110 అంటూ ఊగుతుంది. ఇలా 94 దగ్గర మేకు కొట్టినట్టు ఆగదు.

విండోస్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి నెట్‌వర్క్, దానిలో ఈథర్‌నెట్ తెరవండి. లింక్ స్పీడ్ దగ్గర 100/100 అని ఉంటే ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్యే దొంగ ఉన్నాడు. 1000/1000 ఉంటే, కంపెనీ పెట్టెకీ మీ సొంత రూటర్‌కీ మధ్య ఉన్న తీగనో పోర్టునో అనుమానించాలి. చవక రూటర్లలో పోర్టులన్నీ 100వే ఉంటాయి. డబ్బా మీద "1200 ఎంబీపీఎస్" అని రాసినది వైఫై రెండు బ్యాండ్ల కూడిక మాత్రమే.

పోర్టులు గిగాబిట్‌వే అయితే తీగ చూడండి. ల్యాన్ తీగలో ఎనిమిది నరాలు, నాలుగు జతలు ఉంటాయి. 100 వేగానికి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. నీలం, గోధుమ జతల్లో ఒక్క నరం తెగినా, క్లిప్పులో సరిగా కూర్చోకపోయినా రెండు పరికరాలూ నోరెత్తకుండా 100కి దిగిపోతాయి. నెట్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. క్లిప్పుని వెలుతురుకి పెట్టి, కొక్కెం కిందికి ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి చూడండి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిది రంగులూ క్లిప్పు చివరి గోడకి తగులుతూ కనిపించాలి. వెనకబడిన నరం ఉంటే అదే దోషి. క్లిప్పు కోసేసి కొత్తది క్రింప్ చేయిస్తే, అంటే నొక్కి బిగింపిస్తే సరి. తీగ కొనేటప్పుడు పూర్తి రాగిది అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవక, కానీ రెండుసార్లు వంచితే లోపల విరుగుతుంది, మన ఉప్పుగాలికి చివర్లు తెల్లగా బూజు పట్టినట్టయి తినేస్తుంది.

ఇదంతా అయ్యాక ఫైల్ డౌన్‌లోడ్ అయ్యేచోట 37 అని కనిపిస్తే మళ్లీ కంగారు పడకండి. అది మెగాబైట్లలో ఉంటుంది. ప్లానులో చెప్పేది మెగాబిట్లు. బైటుకి ఎనిమిది బిట్లు కాబట్టి ఎనిమిదితో గుణిస్తే మీ 300 లెక్క సరిపోతుంది.

ప్రశ్న: యూనివర్సిటీ దగ్గర పీజీ హాస్టల్లో ఉంటున్నాను. వైఫై పేరుకే ఉంది. ఫోన్ హాట్‌స్పాట్‌తోనే ఆన్‌లైన్ కోచింగ్ నెట్టుకు రావచ్చా?
— విద్యార్థిని, చినవాల్తేరు

జవాబు: రావచ్చు. వీడియో క్వాలిటీ 480 దగ్గర పెట్టుకుంటే గంటకు ముప్పావు జీబీ లోపే అవుతుంది. రోజుకు 2 జీబీ ప్లానులో రెండు గంటల క్లాసు, పీడీఎఫ్‌లు, వాట్సాప్ సరిపోతాయి. 1080లో చూస్తే ఆ డేటా గంటా, గంటన్నరలోనే చెల్లు. ఫోన్ హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, హాస్టల్లో 2.4 మీద గదికో రూటరూ ఫోనూ పోట్లాడుకుంటుంటాయి. ఇంకా మంచిది యూఎస్‌బీ కేబుల్‌తో టెథరింగ్. వైఫై గొడవే ఉండదు, ల్యాప్‌టాప్ నుంచి ఫోన్ ఛార్జ్ కూడా అవుతుంది.

ప్రశ్న: మా ఊరికి కొండ అడ్డం. ఫోన్‌కి ఇంట్లో ఒక్క గీత, డాబా ఎక్కితే రెండు గీతలు. ఫైబర్ ఇంకా మా వీధికి రాలేదు. డాంగిల్ కొనాలా, 5జీ పెట్టె పెట్టించాలా, శాటిలైట్ నెట్ కోసం ఆగాలా?
— చిన్న హోటల్ యజమాని, యారాడ

జవాబు: మీకు డాల్ఫిన్స్ నోస్ కొండే గోడ. నగరం వైపు టవర్లు దగ్గరే ఉన్నట్టు కనిపించినా, కొండ వాటి తరంగాలను ఆపేస్తుంది. ఏ పెట్టె కొనాలన్నది తర్వాత. ముందు కొలవాలి.

గీతల్ని నమ్మొద్దు. ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంత్ దగ్గర మైనస్ అంకె, పక్కన డీబీఎం అని కనిపిస్తుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మేలు. మైనస్ 85 అంటే బంగారం. మైనస్ 105 దాకా పని జరుగుతుంది. మైనస్ 115 దాటితే దాని మీద డబ్బు పెట్టకండి. స్నేహితుల దగ్గర వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉన్న ఫోన్లు తెచ్చి డాబా నాలుగు మూలలా నిలబడి, ఒక్కో చోట రెండు నిమిషాలు ఆగి రాసుకోండి. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి. మీ చుట్టుపక్కల ఏ కంపెనీ టవర్ ఎక్కడుందో తరంగ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో మ్యాపు మీద చూసుకోవచ్చు. ఏ మూల ఎందుకు బాగుందో అప్పుడు తెలుస్తుంది.

కొండ ఊళ్లలో 5జీ అన్న పేరు చూసి మోజు పడొద్దు. 5జీలో ఎక్కువ వేగం ఇచ్చే 3,500 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల తరంగాలు గోడనే సరిగా దాటవు, కొండ మలుపు అసలే తిరగవు. 700, 850, 900 మెగాహెర్ట్జ్ వేగం తక్కువ ఇచ్చినా కొండ అంచు మీదుగా కాస్త వంగి దిగుతాయి. అందుకే మీ దగ్గర 4జీ నిలకడగా ఉండి, 5జీ వచ్చి పోతుండొచ్చు. డాబా మీద బాగున్న మూలలో బయట పెట్టే 4జీ రూటర్ బిగించి, అక్కడి నుంచి ల్యాన్ తీగతో కిందికి దించుకోవడం మీకు తగిన మార్గం. దానికి కరెంటు కూడా అదే తీగలో వెళ్తుంది, పైన ప్లగ్గు అవసరం లేదు. జేబులో పెట్టుకునే డాంగిల్ మాత్రం వద్దు, గదిలో ఫోన్‌కి అందనిది దానికీ అందదు.

బిగించేటప్పుడు సముద్రాన్ని మరవొద్దు. తీగ పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి ఒక జానెడు వేలాడేలా వంపు ఇవ్వాలి. వానచుక్క ఆ వంపు దగ్గరే జారిపడుతుంది, క్లిప్పులోకి పోదు. క్లిప్పు చుట్టూ సెల్ఫ్ ఫ్యూజింగ్ రబ్బరు టేపు చుట్టించండి. మామూలు నల్ల టేపు రెండు ఎండాకాలాలకి జిగురు వదిలేస్తుంది. క్లాంపులు, మేకులు స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టండి. ఏడాదికోసారి క్లిప్పు తీసి చూస్తే బంగారు రంగు కొనలు ఆకుపచ్చగా మారుతున్నాయో లేదో తెలుస్తుంది.

శాటిలైట్ గురించి ఒక్క లెక్క. పాత పద్ధతి శాటిలైట్ భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట ఉన్నట్టుంటుంది. మీ మాట పైకి వెళ్లి దిగి, జవాబు మళ్లీ పైకెక్కి దిగాలంటే కాంతి వేగంతో పోయినా అర సెకను దగ్గర పడుతుంది. యూపీఐ స్కానింగు జరిగిపోతుంది గానీ వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటారు. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున గుంపులుగా తిరిగే కొత్తరకం శాటిలైట్లలో ఈ ఆలస్యం చాలా తక్కువ. వాటికి ఆకాశం విశాలంగా తెరిచి ఉండాలి. కొండవైపు ఆకాశం మూసుకుపోయిన మీ ఇంటికి సముద్రం వైపు తెరపి ఉండటం కలిసొచ్చే విషయమే. కానీ దాని కోసం హోటల్ పని ఆపుకుని కూర్చోకండి. 4జీ రూటర్ ఇప్పుడే పెట్టుకోండి.

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా ఉన్న ల్యాండ్‌లైన్‌ని ఫైబర్‌కి మార్చమని అడుగుతున్నారు. నంబరు పోతుందా? పాత రాగి తీగ మీదే నెట్ ఉంచుకుంటే నష్టమేంటి?
— రిటైర్డ్ ఉపాధ్యాయులు, మహారాణిపేట

జవాబు: నంబరు సాధారణంగా అదే ఉంచుతారు మాస్టారూ, కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ మాట రాయించుకోండి. రాగి మీద వచ్చే నెట్‌కి దూరమే శత్రువు. ఎక్స్ఛేంజి పక్కన ఉంటే 20 దాటే వేగం, నాలుగైదు కిలోమీటర్ల అవతల ఒకటి రెండుకి పడిపోతుంది. వాన పడితే జాయింట్లలో నీరు చేరి ఫోన్లో గరగర, నెట్ తెగడం రెండూ కలిసే వస్తాయి. వేగం కోసమైతే మారిపోండి.

ఒక్క విషయంలో రాగి తీగ గొప్పది. పాత ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే, 48 వోల్టుల బ్యాటరీ మీద వస్తుంది. మీ ఇంట్లో కరెంటు పోయినా రిసీవర్ ఎత్తితే టోన్ వినిపించేది అందుకే. ఫైబర్‌కి మారాక ఫోన్ మీ ఇంటి పెట్టె వెనక గుచ్చుతారు. పెట్టె ఆరితే ఫోనూ ఆరుతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు పెట్టెకి చిన్న యూపీఎస్ పెట్టించుకోకుండా పాత లైను తీయించొద్దు. దాని లెక్క కింద భీమిలి పాఠకుడి జవాబులో ఉంది.

ప్రశ్న: బీరువా జరిపాక ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోంది. తీగ ఎక్కడా తెగలేదు. లైన్‌మ్యాన్ రెండు రోజుల దాకా రాడట. నేనేమైనా చేయొచ్చా?
— కిరాణా దుకాణదారు, గాజువాక

జవాబు: ఆ ఎర్ర లైటు పక్కన లాస్ (LOS) అని ఉంటుంది. పెట్టెలోకి వెలుగు రావడం లేదని దాని అర్థం. రీస్టార్ట్‌లతో పోదు. గాజు తీగ తెగక్కర్లేదు, గట్టిగా వంగినా చాలు, వంపు దగ్గర వెలుగు పక్కకి కారిపోతుంది. బీరువా వెనక తీగ నలిగిందేమో చూడండి. మలుపు ఎక్కడా టీ గ్లాసు మూతి కన్నా చిన్న చుట్టుగా ఉండకూడదు. గోడ మూలలో మేకు కింద నొక్కుకుపోయినా ఇదే జరుగుతుంది. బీరువా అంగుళం ముందుకి జరిపి వంపు వదులు చేసి నిమిషం ఆగండి. ఎర్ర లైటు ఆరి, పాన్ (PON) అన్నచోట ఆకుపచ్చ నిలకడగా వెలిగితే సమస్య తీరినట్టే.

అయినా రాకపోతే పెట్టె వెనక ఆకుపచ్చ కనెక్టర్‌ని నేరుగా వెనక్కి లాగి, మళ్లీ టక్ అనేదాకా నొక్కండి. తీసినప్పుడు దాని మధ్యలో తెల్లటి చిన్న మొన కనిపిస్తుంది. దానికి వేలు తగలనివ్వొద్దు, నోటితో ఊదొద్దు, కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు. దాంట్లోంచి వచ్చే వెలుగు కంటికి కనిపించదు, కానీ కంటికి మంచిది కాదు. వేలి జిడ్డు ఆ మొన మీద వెంట్రుక మందం పడినా సిగ్నల్ సగానికి పడిపోవచ్చు. నీలం కనెక్టర్‌ని ఆకుపచ్చ దాంట్లోకి బలవంతంగా గుచ్చడం పెద్ద తప్పు. ఆకుపచ్చదాని మొన ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలందాని మొన తిన్నగా ఉంటుంది. రెండూ కలవవు, మొనలు గీసుకుపోతాయి.

లైన్‌మ్యాన్ వచ్చినప్పుడు మీటరు పెట్టి చూపే అంకె అడిగి గోడ మీద రాసుకోండి. ఎక్స్ఛేంజి వైపు పెట్టె సుమారు ప్లస్ 4 డీబీఎంతో పంపితే, 32 చీలికల స్ప్లిట్టర్ దగ్గర 17 పోతాయి, నాలుగు కిలోమీటర్ల గాజులో ఒకటి, ఒకటిన్నర, జాయింట్లూ కనెక్టర్లలో రెండు మూడు. అంటే మీ ఇంట్లో మైనస్ 16, 17 దగ్గర ఉండాలి. మైనస్ 27 దగ్గర పెట్టె చేతులెత్తేస్తుంది. "మైనస్ 25 ఉందండి, పనిచేస్తోందిగా" అని ఆయన వెళ్లబోతే వెళ్లనివ్వకండి. రేపు వానలో జాయింటు కాస్త కదిలితే మళ్లీ ఎర్ర లైటే. జాయింటు మళ్లీ స్ప్లైసింగ్ చేయమనండి. యంత్రంతో కరిగించి అతికిన జాయింటులో డెసిబెల్‌లో పదో వంతు కూడా పోదు. చేత్తో నొక్కే కనెక్టర్లలో దానికి ఎన్నో రెట్లు పోతుంది.

ప్రశ్న: హుద్‌హుద్ అప్పుడు రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడలేకపోయాం. మళ్లీ అలాంటి తుపాను వస్తే ఏ కనెక్షన్ నిలబడుతుంది?
— చేపల వ్యాపారి, భీమిలి

జవాబు: 2014 అక్టోబరు 12న జరిగింది చూస్తే ఏ ఒక్క కనెక్షన్ మీదా భరోసా పెట్టలేం. స్తంభాలు పడితే వాటి మీది తీగలు పోతాయి, ఫైబరైనా రాగి అయినా. మన దగ్గర చాలా ఫైబర్ కరెంటు స్తంభాల మీదే నడుస్తోంది, ఏపీ ఫైబర్‌నెట్‌దీ అదే దారి. హుద్‌హుద్ తర్వాత నగరంలో కొంత మేర కరెంటు తీగల్ని ప్రపంచ బ్యాంకు రుణంతో భూమిలోకి దించారు. మీ వీధిలో నెట్ తీగ కూడా భూమిలోంచి వస్తోందా, పైనుంచా అన్నది మీరే తలెత్తి చూసుకోవాలి. సెల్ టవర్ నిలబడినా, దాని బ్యాటరీ కొన్ని గంటలే. తర్వాత డీజిల్ లోడు రావాలి, రోడ్ల మీద చెట్లు పడి ఉంటే అది రాదు.

కాబట్టి చేయగలిగింది రెండు వేర్వేరు దారులు ఉంచుకోవడం. ఇంట్లో ఒక కంపెనీ ఫైబర్ ఉంటే, ఫోన్లో మరో కంపెనీ సిమ్ ఉండాలి. ఫైబరూ సిమ్మూ ఒకే కంపెనీవైతే రెండూ ఊరికి వచ్చే ఒకే ప్రధాన (ట్రంకు) తీగ మీద ఆధారపడి ఉండొచ్చు. అది తెగితే రెండూ పోతాయి.

ఇంట్లో కరెంటు లెక్క: ఫైబర్ పెట్టె, రూటర్ కలిసే ఉంటే అది తినేది 8 నుంచి 10 వాట్లు. దీనికి 12 వోల్టుల మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. డబ్బా మీద 8,800 ఎంఏహెచ్ అని చూసి 12తో గుణించకండి. లోపల సెల్ 3.7 వోల్టులది. 8.8ని 3.7తో గుణిస్తే 32 వాట్ గంటలు. మార్పిడిలో కొంత పోగా మీ పెట్టె నడిచేది మూడు గంటల అటూ ఇటూ. కొనే ముందు మీ అడాప్టర్ మీద వోల్టులు చదవండి. కొన్ని రూటర్లు 9 వోల్టులవి, కొన్ని 5వి. వాటికి 12 ఇస్తే అక్కడికక్కడే పోతాయి. ఇంటి ఇన్వర్టర్‌కి 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే ఫ్యాన్లూ లైట్లూ ఆపేసి నెట్ ఒక్కదానికే ఉంచితే ఒక రోజు దాటి వస్తుంది.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజునే ఫోన్లు, పవర్ బ్యాంకులు నింపుకోండి, గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రాంతాన్ని ఆఫ్‌లైన్‌గా దించుకోండి. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ఫోన్‌ని 2జీ లేదా 4జీకి మార్చి కాల్‌కి బదులు ఎస్ఎంఎస్ పంపండి. కాల్ నిలవని చోట కూడా సందేశం మళ్లీ మళ్లీ ప్రయత్నించి దూరిపోతుంది. పడవల వాళ్లు సముద్రం మీద ఉంటే ఇవేవీ కాదు, వీహెచ్ఎఫ్ రేడియో సెట్టే దిక్కు.

ప్రశ్న: విశాఖకి సముద్రం అడుగు నుంచి కేబుల్ వస్తోందంటున్నారు. అది వచ్చాక మా ఇంట్లో నెట్ వేగం పెరుగుతుందా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, గోపాలపట్నం

జవాబు: 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించినప్పుడు డేటా సెంటర్‌తో పాటు సముద్ర కేబుళ్లకు ఇక్కడ ఒడ్డు చేరే చోటు కూడా ఉంటుందని చెప్పింది. మన దేశంలో ఇప్పటిదాకా ముఖ్యంగా ముంబయి, చెన్నై, కొచ్చి లాంటి చోట్లే అవి ఒడ్డెక్కుతున్నాయి. ఊరికి ఇది పెద్ద విషయమే. మీ ఇంటి వేగానికి మాత్రం నేరుగా సంబంధం లేదు. 100 ప్లాను 100గానే ఉంటుంది, నలిగిన తీగ నలిగినట్టే ఉంటుంది.

తగ్గే అవకాశం ఉన్నది ఆలస్యం. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు. మీరు సింగపూర్ సర్వర్‌లో గేమ్ ఆడితే ఇప్పుడు మీ ప్యాకెట్ ముందు రోడ్డు పక్క తీగలో చెన్నైకో ముంబయికో వెళ్లి అక్కడ సముద్రంలోకి దిగాలి. ఇక్కడే దిగితే ఆ చుట్టు తప్పుతుంది. అదీ మీ కంపెనీ ఆ కేబుల్‌లో చోటు కొంటేనే. ఇక యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ వీడియోలు ఎక్కువగా కంపెనీలు దేశంలోనే దగ్గర్లో పెట్టుకున్న నిల్వ సర్వర్ల నుంచే వస్తాయి. అవి సముద్రం దాటడమే అరుదు.

ప్రశ్న: దుకాణంలో సీసీ కెమెరాలకి పాత కనెక్షన్ మీద బయట నుంచి చూడగలిగేవాణ్ని. 5జీ పెట్టెకి మారాక ఇంటి నుంచి కనిపించడం లేదు. పోర్టులన్నీ తెరిచానని కెమెరా అబ్బాయి అంటున్నాడు.
— బట్టల వ్యాపారి, జగదాంబ జంక్షన్

జవాబు: ఆయన తెరిచింది మీ తలుపు, వీధి గేటు కంపెనీ దగ్గర ఉంది. గాలి నెట్ ఇచ్చేవాళ్లు, కొందరు ఫైబర్ వాళ్లు కూడా వేలమందికి ఒకే బయటి ఐపీ, అంటే నెట్‌లో ఒకే చిరునామా పంచుతారు. రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ అన్నచోట 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అంకె ఉంటే ఆ పంపకంలో మీరున్నట్టే. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా పనిచేయదు. రెండు దారులు ఉన్నాయి. కంపెనీకి అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మీకొక్కరికే ఉండే మారని చిరునామా తీసుకోవడం ఒకటి. కెమెరాల రికార్డు పెట్టె డీవీఆర్‌లో పీ2పీ లేదా క్లౌడ్ అని ఉన్నది ఆన్ చేసి, దాని మీది క్యూఆర్ కోడ్‌ని ఫోన్ యాప్‌తో స్కాన్ చేయడం రెండోది. మీకు రెండోదే చాలు, ఖర్చు లేదు. నాలుగు కెమెరాలకి పైకి వెళ్లే వేగం కనీసం 4 నుంచి 8 ఎంబీపీఎస్ ఉండాలి, అది లేకపోతే యాప్‌లో సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) ఎంచుకోండి. డీవీఆర్ కొన్నప్పుడు పెట్టి ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా అదే ఉంటే ముందు దాన్ని మార్చి, తర్వాతే క్లౌడ్ ఆన్ చేయండి.